ఓపిక పాఠం

ఆ మధ్య జూనియర్ న్యాయవాదుల కోసం పెట్టిన రెండు రోజుల సదస్సుకి వెళ్ళాను. హాలు నిండా నల్లకోట్లు. అందులో సగం మంది అమ్మాయిలే. చూడగానే ఎంత సంతోషమనిపించిందో! నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో మా బార్ అసోసియేషన్‌లో ఆడవాళ్ళమంతా కలిపి ఒక్క బెంచీకి సరిపోయేవాళ్ళం.

దావా ఎలా రాయాలి, సాక్షిని ఎలా ప్రశ్నించాలి... పాఠాలు మంచివే. నేనూ నేర్చుకున్నాను. కానీ మాట్లాడినవాళ్ళంతా చివరికి ఒకే మాట దగ్గర ఆగారు. ఓపిక. మొదటి ఐదేళ్ళు డబ్బు గురించి ఆలోచించొద్దు, ఓపిక పట్టండి అని. రెండోరోజు భోజనాల తర్వాత ‘స్త్రీలు - ఇల్లు - వృత్తి’ మీద ఒక గంట పెట్టారు. అప్పటికి మగపిల్లలు చాలామంది టీకి వెళ్ళిపోయారు. అక్కడా అదే మందు, ఇంకొంచెం ఎక్కువ మోతాదులో.

ఒకమ్మాయి లేచి అడిగింది. “సర్, మా సీనియర్ గారు నెలకి రెండు వేలు ఇస్తారు. హాస్టలుకే ఆరువేలు కట్టాలి. ఓపిక ఎలా పట్టాలి?” హాలంతా నవ్వింది. వేదిక మీది పెద్దాయన కూడా నవ్వి, “నేర్చుకునే రోజుల్లో ఇచ్చిందే ప్రసాదం అనుకోవాలమ్మా” అన్నారు.

ఆ నవ్వు గురించే ఈ నాలుగు మాటలు.

ఓపిక గుణం కాదు, ఆస్తి. తండ్రో మేనమామో వకీలైతే ఓపిక వారసత్వంగా వస్తుంది. ఇంట్లో మొదటిసారి నల్లకోటు వేసుకున్న దళిత పిల్లకి, బీసీ పిల్లకి అది ఎవరిస్తారు? మగపిల్లాడికీ ఆ కష్టం ఉంది, కాదనను. కానీ అమ్మాయికి ఇంట్లో ఇంకో వాయిదా నడుస్తూ ఉంటుంది. ‘సంపాదన లేదు కదా, సంబంధం చూస్తాం’ అనే వాయిదా. కొత్తగా వచ్చి మూడేళ్ళకే కనిపించకుండా పోయిన అమ్మాయిలు నాకు తెలుసు. వాళ్ళకి తెలివి తక్కువై పోలేదు.

అసలు ఈ వృత్తిలోకి మనం ఓపిక పట్టి వచ్చామా? 1916లో కలకత్తాలో రెజీనా గుహ, 1921లో పాట్నాలో సుధాంశుబాల హాజ్రా అర్జీలు పెట్టుకుంటే హైకోర్టులు కాదన్నాయి. వాళ్ళలాంటివాళ్ళు అడిగి అడిగి విసిగించారు కాబట్టే 1923లో చట్టం వచ్చి తలుపు తెరుచుకుంది. కోర్టుల్లో మరుగుదొడ్ల కోసం కూడా ఒకరు సుప్రీంకోర్టుకి వెళ్ళి అడగాల్సి వచ్చింది. అన్ని కోర్టుల్లో అవి ఉండి తీరాలని 2025 జనవరిలో తీర్పు వచ్చింది. అంతవరకూ పొద్దుటినుంచి నీళ్ళు తాగకుండా గడిపింది కూడా ఓపికే కదా!

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జూనియర్లకి మూడేళ్ళపాటు నెలకి 5,000 రూపాయలిచ్చే పథకం పెట్టారు. పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 కనీసం ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫారసు చేసింది. సిఫారసే, కట్టుబాటు కాదు. రెండు రోజుల్లో వేదిక మీద ఈ అంకెలు ఒక్కరి నోటా రాలేదు. ఎందుకు వస్తాయి? ఆ డబ్బు ఇవ్వాల్సినవాళ్ళే వేదిక మీద కూర్చున్నారు.

సదస్సు అయ్యాక ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళాను, నువ్వు అడిగింది సరైన ప్రశ్న అని చెబుదామని. ఆమె నన్ను తేరిపార చూసి, “మీ ఆఫీసులో జూనియర్లకి ఎంత ఇస్తారు మేడమ్?” అంది.

నా దగ్గర ఒక్క అమ్మాయే పనిచేస్తోంది. ఆ అంకె చెప్పడానికి నాకు నోరు రాలేదు. వేదిక మీద నేను లేను గానీ ఆ నవ్వులో నేనూ ఉన్నానని అప్పుడు తెలిసింది. మర్నాడు ఆఫీసులో ముందుగా ఆ లెక్కే తీశాను.

ఇంకో సదస్సు పెడితే మొదటి గంట దీనికే ఇవ్వండి. సీనియర్లు, ఆడా మగా అందరం వరసగా లేచి, ఎంత ఇస్తున్నామో చెప్పాలి. ఓపిక గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.