సవాల్ లేని జవాబ్

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులోకి వచ్చాక అదే మాట సవాలై, తొడగొట్టి ఎదుటివాణ్ణి పిలిచే మాట అయింది. జవాబ్ మాత్రం రెండు భాషల్లోనూ జవాబుగానే నిలిచింది. జవాబుదారీ అన్నది దాని నుంచి పుట్టిందే. పార్లమెంటు ఉన్నదే ఈ మూడు మాటల కోసం. సభ్యుడి ప్రశ్న ప్రభుత్వానికి సవాలు కావాలి. మంత్రి ఇచ్చే జవాబు జవాబుదారీ కావాలి. 2020లో కరోనా పేరు చెప్పి ఈ రెంటినీ విడదీశారు. సవాల్ లేకుండా జవాబ్ ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు. అలా వచ్చిన ఒక జవాబును, ముస్లింల గురించి వచ్చిన జవాబును, ఇక్కడ మాట మాట పట్టి చదవదలచుకున్నాను. కథనూ కవితనూ చదివినట్టే సర్కారు జవాబునూ విమర్శకుడు చదవాలి. మేమెవరమో మా కవులు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. ప్రభుత్వం మాత్రం రికార్డుల్లో రాస్తోంది. పోలీస్ స్టేషన్లో చెల్లేది రెండోదే.

ముందు ఏర్పాటు సంగతి. 2020 సెప్టెంబరు 14న వర్షాకాల సమావేశాలు మొదలయ్యాయి. ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేశారు. మామూలు రోజుల్లో నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. అది చాలకపోతే సభ్యులు అనుబంధ ప్రశ్న వేస్తారు. మంత్రికి చెమట పట్టేది అక్కడే. అధికారులు రాసిచ్చిన కాగితం మొదటి ప్రశ్నకు సరిపోతుంది గానీ రెండో ప్రశ్నకు సరిపోదు. ఆ రెండో ప్రశ్నను లేకుండా చేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. అంటే కాగితం సభ ముందుకు వస్తుంది, మనిషి రాడు. ఇంతకు ముందు 1962 చైనా యుద్ధం నాడూ, ఎమర్జెన్సీలోనూ ప్రశ్నోత్తరాలు లేకుండా సభలు నడిచాయి. ఈసారి ఆ వరసలో కరోనా చేరింది.

ఆ పది రోజుల్లో వచ్చిన జవాబులు కొన్ని పక్కపక్కన పెట్టి చూడండి. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడిచిపోతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని అడిగితే, అలాంటి వివరాలేవీ లేవని కార్మిక శాఖ సెప్టెంబరు 14న జవాబిచ్చింది. నష్టపరిహారం సంగతేమిటంటే, లెక్కే లేనప్పుడు ఆ ప్రశ్నే ఉత్పన్నం కాదంది. కోటి మందికి పైగా కూలీలు సొంత రాష్ట్రాలకు చేరారన్న లెక్క మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. మర్నాడు హోం శాఖ, లాక్‌డౌన్ ఎన్నాళ్లుంటుందో అన్న తప్పుడు వార్తల వల్ల భయం పుట్టి కూలీలు కదిలారని తేల్చింది. అంటే ఆకలి వల్ల కాదన్నమాట. ఆరోగ్య సిబ్బంది ఎంతమంది పోయారంటే, కేంద్రం స్థాయిలో ఆ లెక్క ఉంచడం లేదన్నారు. అదే వారంలో భారత వైద్య సంఘం 382 మంది డాక్టర్ల జాబితా బయటపెట్టింది. రైల్వే మంత్రి, శ్రామిక్ రైళ్లలో 97 మంది చనిపోయారని రాజ్యసభకు తెలిపారు. ఒక శాఖకు దొరకని చావులు ఇంకో శాఖకు దొరికాయి. లెక్క లేకపోవడం కాదు, లెక్క పెట్టాలని లేకపోవడం.

ఇక మా జవాబు. సెప్టెంబరు 21. ముందు రోజే రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల్ని మూజువాణి ఓటుతో గట్టెక్కించారు. ఆ రోజు ఎనిమిది మంది సభ్యుల్ని సస్పెండు చేశారు. ఆ గొడవ మధ్య సభ ముందుకు వచ్చిన కాగితాల్లో ఇదొకటి. తబ్లీగీ జమాత్ సమావేశం కరోనా వ్యాప్తికి కారణమా అన్నది శివసేన సభ్యుడు అనిల్ దేశాయ్ ప్రశ్న. జవాబిచ్చింది అప్పటి హోం శాఖ సహాయ మంత్రి, మన సికింద్రాబాద్ ఎంపీ జి. కిషన్‌రెడ్డి. నాంపల్లి, ముషీరాబాద్, అంబర్‌పేట గల్లీల్లో ఉండే మావాళ్లు కూడా ఆయన నియోజకవర్గం ఓటర్లే.

జవాబు సారాంశం ఇది: ఢిల్లీ పోలీసులు తెలిపిన ప్రకారం, ఆదేశాలు ఉన్నప్పటికీ పెద్ద సంఖ్యలో జనం ఒక మూసి ఉన్న ఆవరణలో చాలా కాలం గుమిగూడారు. భౌతిక దూరం లేదు. మాస్కులు, శానిటైజర్లు లేవు. దీనివల్ల చాలామందికి వైరస్ సోకింది. 233 మంది జమాత్ సభ్యుల్ని అరెస్టు చేశారు. మార్చి 29 నుంచి 2,361 మందిని మర్కజ్ నుంచి ఖాళీ చేయించారు. మౌలానా సాద్ విషయంలో దర్యాప్తు సాగుతోంది.

"ఢిల్లీ పోలీసులు తెలిపిన ప్రకారం" అన్న మాట దగ్గరే ఆగుదాం. ఢిల్లీ పోలీసులు ఎవరి కింద పనిచేస్తారు? కేంద్ర హోం శాఖ కింద. అంటే హోం శాఖ తన మాటకు తన సిపాయినే సాక్షిగా తెచ్చుకుంది. జబ్బు ఎలా వ్యాపించిందన్నది వైద్యం తెలిసినవాళ్లు చెప్పాల్సిన సంగతి. పోలీసు చెప్పాడు, హోం శాఖ సంతకం పెట్టింది. జబ్బు కాస్తా నేరమైంది.

తర్వాతి మాట "చాలామంది". అరెస్టయినవాళ్లు 233. బయటికి తెచ్చినవాళ్లు 2,361. ఒక్కరు ఎక్కువా లేదు, తక్కువా లేదు. అసలు అడిగిన సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంకె పోయి "చాలామంది" వచ్చింది. ఆ రోజుకు దేశంలో కేసులు 54 లక్షలు దాటాయి. అందులో మర్కజ్ వాటా ఎంత? ఏప్రిల్లోనైతే ఆరోగ్య శాఖ సాయంత్రం పత్రికా సమావేశాల్లో ఆ వాటా విడిగా చదివి వినిపించింది. ఏప్రిల్ 18న 14,378 కేసుల్లో 4,291 జమాత్‌తో ముడిపడినవేనంది. టెస్టులు కరువుగా ఉన్న రోజుల్లో ఒక గుంపునీ వాళ్లను కలిసినవాళ్లనీ వెతికి వెతికి పరీక్ష చేస్తే, జబ్బు వాళ్లలోనే ఎక్కువగా కనపడదా? టార్చిలైటు ఎటు తిప్పితే అటే మనుషులు కనిపిస్తారు. సెప్టెంబరు నాటికి ఆ 4,291 యాభై నాలుగు లక్షల్లో కలిసిపోయింది. అందుకే అంకె చెప్పలేదు. చెబితే చిన్నదైపోతుంది. "చాలామంది" అంటే ఎప్పటికీ పెద్దదే.

మూడోది మాస్కులు. సమావేశం జరిగింది మార్చి మధ్యలో. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాస్కు అక్కర్లేదని ఆరోగ్య శాఖ చెబుతున్న రోజులవి. ఇంట్లో కుట్టుకున్న గుడ్డ కట్టుకోండని జనానికి సలహా ఇచ్చింది ఏప్రిల్ మొదటి వారంలో. ఏప్రిల్‌లో చెప్పిన జాగ్రత్త మార్చిలో పాటించలేదని సెప్టెంబరులో తప్పు పట్టారు.

నాలుగోది "మూసి ఉన్న ఆవరణ". పార్లమెంటు కూడా మూసి ఉన్న ఆవరణే. అది 2020 మార్చి 23 దాకా నడిచింది. అదే రోజు భోపాల్లో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారమూ జరిగింది. ఏడాది తర్వాత, 2021 ఏప్రిల్లో, హరిద్వార్ కుంభమేళాకు లక్షల మంది వచ్చినప్పుడు అప్పటి ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి, మర్కజ్‌తో పోల్చొద్దు, అది మూసిన చోటు, ఇది గంగ ఒడ్డున తెరిచిన చోటు అన్నారు. కుంభమేళా యాత్రికుల్ని కూడా అలాగే వేలెత్తి చూపాలని నేననడం లేదు. దేవుణ్ణి నమ్మి వచ్చినవాడికి జబ్బు అంటితే వాడు రోగి. ఆ సంగతి గంగ ఒడ్డున గుర్తున్నవాళ్లకు నిజాముద్దీన్‌లో ఎందుకు గుర్తులేదన్నదే నా సవాల్.

తబ్లీగీ జమాత్‌ను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. మా ఊళ్లలో పీర్ల పండుగ కూడదని, దర్గాల ముందు తల వంచొద్దని చెప్పేది వాళ్లే. తెలుగు పల్లెల్లో తరతరాలుగా హిందువులూ మేమూ కలిసి ఎత్తుకున్న పీర్లను మాకు కాకుండా చేస్తున్నారని వాళ్లతో మాకు తగాదా ఉంది. ఢిల్లీ ప్రభుత్వం మార్చి 16న యాభై మందికి మించి గుమికూడొద్దని ఆంక్ష పెట్టాక కూడా అంతమందిని అక్కడ ఉంచిన పెద్దలు తమ జమాత్‌కు జవాబు చెప్పుకోవాలి. ఇది మా ఇంటి తగాదా, మా ఇంట్లో తేల్చుకుంటాం. కానీ జమాత్‌తో చుట్టరికం లేనివాణ్ణీ, నమాజుకే పోనివాణ్ణీ, గడ్డం ఉన్నవాణ్ణీ లేనివాణ్ణీ ఒక్క మార్చి నెలలో తబ్లీగీని చేసేశారు. తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునేవాణ్ణి పేరడిగి పంపించేశారు. ఏ సామాజిక వర్గాన్నీ జబ్బుకు కారకులుగా ముద్ర వేయొద్దని ఆరోగ్య శాఖే ఏప్రిల్లో సలహా పత్రం విడుదల చేసింది. ఒక చేత్తో ఆ పత్రం, ఇంకో చేత్తో జమాత్ అంకెలు.

భాష ఏమైందో కూడా చెప్పాలి. మర్కజ్ అంటే ఉర్దూలో కేంద్రం. ఉర్దూ పేపర్లలో కేంద్ర ప్రభుత్వాన్ని మర్కజీ హుకూమత్ అని రాస్తాం. ఢిల్లీ సర్కారు పన్ను వేసినా బడ్జెట్టు పెట్టినా అది మర్కజ్ పనే. 2020లో తెలుగు పాఠకుడికి ఆ మాట మొదటిసారి పరిచయమైంది, ఒక జబ్బు పేరుగా. రెండు భాషల్లో వార్తలు రాసి బతికే నాబోటివాడు ఉదయం ఒక భాషలో ప్రభుత్వం అని రాసిన మాటనే సాయంత్రం ఇంకో భాషలో రోగం అని చదవాల్సి వచ్చింది.

ఇప్పుడు అనుబంధ ప్రశ్న ఉండి ఉంటే ఏమడిగేవారో ఊహించండి. మర్కజ్ గోడ పక్కనే పోలీస్ స్టేషన్ ఉంది కదా, అది ఎవరిది? విదేశాల నుంచి వచ్చినవాళ్లకు వీసాలిచ్చింది ఎవరు? లాక్‌డౌన్ పెట్టి బళ్లూ రైళ్లూ ఆపేశాక వాళ్లు ఎలా పోవాలి? చాలామంది అంటే ఎంతమంది? ఈ జవాబుకు సరిగ్గా నెల ముందు, ఆగస్టు 21న, బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 29 మంది విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వాలు బలిపశువును వెతుక్కుంటాయని రాసింది కదా, అది హోం శాఖ చదివిందా? ఒక్కటి చాలు, కాగితం చిరిగేది. అడగడానికి గంట లేదు. డిసెంబరు నాటికి గంట మాట అటుంచి, శీతాకాల సమావేశాలే రద్దయ్యాయి.

సభలో తేలనిది కోర్టుల్లో తేలింది. 2020 డిసెంబరు 15న ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయుల్ని నిర్దోషులంది. 2025 జులై 17న ఢిల్లీ హైకోర్టు, వాళ్లకు ఆశ్రయమిచ్చిన 70 మంది భారతీయుల మీద ఉన్న 16 కేసుల్ని కొట్టేసింది. లాక్‌డౌన్ వల్ల ఎటూ పోలేక చిక్కుకుపోయినవాళ్లు నేరం చేసినట్టు కాదంది. ఇంటికొచ్చినవాడికి చాప పరిచినందుకు ఐదేళ్లు ముద్దాయిలుగా బతికారు వాళ్లు. కోర్టు కొట్టేశాక కేసు పోతుంది. సభ ముందు పెట్టిన కాగితం పోదు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో విద్యార్థి 2020 గురించి పరిశోధన చేయబోతే అతనికి దొరికేది ఆ కాగితమే.

2021 జులై 20న ఆరోగ్య శాఖ ఇదే రాజ్యసభలో, ఆక్సిజన్ కొరతతో మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా తెలపలేదని జవాబిచ్చింది. అంతకు రెండు నెలల ముందు, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారని అధికారులే చెప్పారు. వాళ్ల మతమేమిటని నేను అడగను. నడిచి నడిచి రోడ్డు మీద పడిపోయిన కూలీ మతమూ అడగను. వాళ్లూ మేమూ ఒకే జవాబుల కట్టలో ఉన్నాం. వాళ్లను లెక్కలోంచి తీసేశారు. మమ్మల్ని నిందితుల లెక్కలోకి ఎక్కించారు. రెండూ చేసింది ఒకే చెయ్యి. చావుల్ని లెక్కపెడితే ప్రభుత్వం జవాబుదారీ అవుతుంది. మమ్మల్ని లెక్కపెడితే ఇంకెవరో జవాబుదారీ అవుతారు.

కనుక ముస్లింలు తమ అస్తిత్వం గురించి మాట్లాడుకునేటప్పుడు కవితల్నీ కథల్నీ మాత్రమే ముందేసుకుంటే చాలదు. శాసనసభల్లో, పార్లమెంటులో మన గురించి వచ్చిన జవాబుల్ని తీసి చదవాలి. ఏ మాట ఎక్కడ నుంచి వచ్చింది, ఏ అంకె ఉంది, ఏది లేదు అని చూడాలి. మనతోపాటు లెక్కలోంచి పోయినవాళ్లెవరో ఆ కాగితాల్లోనే తెలుస్తుంది. సభలో అడగనివ్వని రెండో ప్రశ్నను మనం బయట అడగాలి. తెలుగులోనూ ఉర్దూలోనూ అడగాలి. సవాల్‌ను సవాలు చేసుకోవాలి.