కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్: సోర్సు నుంచి కట్టుకునే విద్య

కంప్యూటర్ చదువు చదివానని ఎవరైనా అంటే నేను పెట్టే పరీక్ష ఒక్కటే. టెసరాక్ట్‌ని సోర్సు నుంచి కట్టి చూపించమంటాను. ర్యాంకులూ వద్దు, సర్టిఫికెట్లూ వద్దు. ఆ పని చేసి చూపినవాడికి నా దగ్గర చాయ్ ఖాయం, గౌరవం అంతకన్నా ఖాయం.

టెసరాక్ట్ అంటే పేజీ బొమ్మలోంచి అక్షరాలు చదివిపెట్టే ప్రోగ్రాం. కిటికీలు, బటన్లు ఏమీ ఉండవు. టెర్మినల్లో పేరు కొట్టి, బొమ్మ ఫైలూ ఫలితం పెట్టాల్సిన ఫైలు పేరూ ఇచ్చి, చివర ‘హైఫన్ ఎల్ టెల్’ అంటే తెలుగు పేజీని అక్షరాలుగా మార్చి టెక్స్ట్ ఫైల్లో పెడుతుంది. దీన్ని రే స్మిత్ 1980లలో హెచ్‌పీ కంపెనీలో పనిచేస్తూ మొదలుపెట్టాడు. 2005లో సోర్సుతో సహా లోకానికి వదిలేశారు, తర్వాత చాలా ఏళ్లు గూగుల్ పోషించింది. ఉబుంటులో అయితే ఒక్క లైనుతో రెడీమేడ్‌గా దిగుతుంది. మరి సోర్సు నుంచి కట్టడం ఎందుకని అడుగుతారు. అడగాల్సిందే.

మిర్యాలగూడ దారిలో వెళ్లినవాళ్లకు రైసు మిల్లుల సంగతి చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు అక్కడ బియ్యమై సంచుల్లోకి ఎక్కుతాయి. వండుకునేవాడికి బియ్యం చాలు. కానీ ఎంత సన్నబియ్యమైనా మళ్లీ పొలంలో చల్లితే మొలవదు, మొలవాలంటే వడ్లే కావాలి. రెడీమేడ్ ప్రోగ్రాం బియ్యం, సోర్సు వడ్లు. టెసరాక్ట్‌కి ఉన్న తెలుగు చూపు పాత పుస్తకాల ముందు తడబడుతుంది. సీసం అక్షరాలతో అచ్చయిన పేజీల్లో ఒత్తు ఎక్కడో, వట్రసుడి ఎక్కడో, క్రావడి ఎక్కడో దానికి తికమక. ఆ చూపును బాగుచేయాలంటే దానికి శిక్షణ ఇవ్వాలి. శిక్షణ పనిముట్లు అదే సోర్సులో ఉన్నాయి, ‘మేక్ ట్రైనింగ్’ అన్న అదనపు మాటతో తయారవుతాయి. సూర్యాపేట, కోదాడ డీటీపీ షాపుల్లో పాత పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు కొట్టే ఆపరేటర్ల వేళ్ల నొప్పికి మందు అక్కడ ఉంది. అది తెలిసినవాళ్లు ఎందరు?

ఇక పని తీరు. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అని మూడు మాటలు కొడితే అయిపోతుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు. ముందు సరంజామా సమకూర్చుకోవాలి. ‘బిల్డ్ ఎసెన్షియల్’ ప్యాకేజీతో కంపైలరూ మేకూ వస్తాయి, ఆటోమేక్, లిబ్‌టూల్, ప్యాకేజ్ కాన్ఫిగ్ విడిగా తెచ్చుకోవాలి. బొమ్మల్ని నమిలిపెట్టే లెప్టోనికా లైబ్రరీ లేనిదే టెసరాక్ట్ అడుగు కదపదు. అందరూ బోర్లాపడేది ఇక్కడే. లెప్టోనికా మిషన్లో ఉంటుంది, అయినా కాన్ఫిగర్ అది లేదంటుంది. కారణం చిన్నదే. ప్రోగ్రాం నడవడానికి లైబ్రరీ చాలు, ప్రోగ్రాం కట్టడానికి దాని హెడర్ ఫైళ్లు కూడా కావాలి. అవి పేరు చివర ‘డెవ్’ అని ఉండే వేరే ప్యాకేజీలో ఉంటాయి. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం కన్నీళ్లు తగ్గుతాయి.

గిట్ నుంచి తెచ్చుకున్న సోర్సులో కాన్ఫిగర్ ఫైలు ఉండదు. ఆటోజెన్ స్క్రిప్టు నడిపితే పుడుతుంది. తర్వాత కాన్ఫిగర్ మొదలవుతుంది. అది మీ మిషన్ని వరసబెట్టి ప్రశ్నలడుగుతుంది. కంపైలర్ ఉందా, పనిచేస్తోందా, ఫలానా హెడర్ ఉందా, ఫలానా ఫంక్షన్ ఉందా. జవాబులు యెస్, నో అని తెరమీద పోతుంటాయి. వచ్చీరానివాడు ఆ సమయానికి ఫోను చూసుకుంటాడు. పనిమంతుడు ఆ నో లు చదువుతాడు. ఎందుకంటే కొన్ని నో లకు కాన్ఫిగర్ ఆగదు, ఆ సౌకర్యం లేకుండానే ప్రోగ్రాం కట్టేస్తుంది. నెల తర్వాత ఏదో ఒక సౌకర్యం పనిచేయడం లేదని తల పట్టుకునేది అందుకే. ఆగిపోతే ‘కాన్ఫిగ్ డాట్ లాగ్’ తెరవాలి, జబ్బు చరిత్రంతా అందులో ఉంటుంది.

కాన్ఫిగర్‌కి ‘ప్రిఫిక్స్’ చెప్పడం మరో ఒడుపు. ఏమీ చెప్పకపోతే సరుకు ‘యూఎస్ఆర్ లోకల్’ కిందికి పోతుంది, దానికి సూడో అధికారం కావాలి. కాలేజీ ల్యాబులో ఆ అధికారం ఎవరిస్తారు? ప్రిఫిక్స్‌గా మీ హోమ్ ఫోల్డర్ చెప్పండి. ఎవరి కాళ్లూ పట్టుకోకుండా మీ ప్రోగ్రాం మీ గూట్లో కూర్చుంటుంది. ల్యాబులో రోజూ గంట దొరికే విద్యార్థికి ఇంతకన్నా స్వాతంత్ర్యం లేదు.

మేక్ దగ్గర ఓపిక కావాలి. ‘హైఫన్ జె ఫోర్’ అంటే నాలుగు ఫైళ్లు ఒకేసారి కంపైల్ అవుతాయి. రెండు జీబీ ర్యామున్న పాత మిషన్ మీద ఆ దూకుడు చూపిస్తే మెమరీ చాలక కంపైలర్ మధ్యలో హతమవుతుంది. అప్పుడు అంకె తగ్గించుకోవాలి. మేక్ ఆగిపోతే తెర అడుగున కనిపించేది చివరి ఎర్రర్. దాన్ని పట్టుకుని వేలాడకండి, పైకి జరిపి మొట్టమొదటి ఎర్రర్ చదవండి. మిగతా వందా దాని పిల్లలే. తర్వాత మేక్ ఇన్‌స్టాల్. సరుకు ‘యూఎస్ఆర్ లోకల్’ కింద పెట్టినవాళ్లు ఆ తర్వాత ‘ఎల్‌డీకాన్ఫిగ్’ మరిచిపోతే ప్రోగ్రాం తన లైబ్రరీనే గుర్తుపట్టదు. ఆఖరున తెలుగు డేటా ఫైలు తెచ్చి టెస్‌డేటా ఫోల్డర్లో పెట్టాలి. ‘ఫాస్ట్’ రకం చిన్నది, చురుకైనది. ‘బెస్ట్’ రకం నెమ్మదైనది, మెరుగైనది. మరింత శిక్షణకు పనికొచ్చేది బెస్టే.

ఈ మేక్‌ని పుట్టించిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌కి దండం పెట్టాలి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాశాడు. ఏ ఫైలు మారిందో చూసి దానికి సంబంధించిన ముక్కనే మళ్లీ కట్టడమన్న ఆలోచన యాభై ఏళ్లుగా నిలబడింది. మేక్‌ఫైల్లో స్పేసులు కాక ట్యాబే కొట్టాలన్న చాదస్తం కూడా ఆయన పెట్టిందే. మార్చుదామనుకునేసరికి డజను మంది వాడేవాళ్లు తయారయ్యారట, వాళ్లను ఇబ్బంది పెట్టడమెందుకని వదిలేశాడట. ఆ డజను మంది కోసం లోకమంతా నేటికీ ట్యాబు కొడుతోంది! కాన్ఫిగర్‌ని పుట్టించే ఆటోకాన్ఫ్‌ని 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టాడు. ఇన్ని మెట్లు లేకుండా కట్టించేవాళ్లూ ఉన్నారు. రిచర్డ్ హిప్ తన ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ని రెండు లక్షల పైచిలుకు లైన్ల ఒకే ఒక్క సీ ఫైలుగా ఇస్తాడు, దాన్ని ఒక్క కమాండుతో కంపైల్ చేయొచ్చు. ఫాబ్రిస్ బెలార్ సంగతి చెబితే నమ్మరు. 2004లో తను రాసిన బుల్లి కంపైలర్‌తో, మిషన్ ఆన్ చేయగానే లినక్స్ కెర్నల్‌ని సోర్సు నుంచి కంపైల్ చేసి బూట్ చేయించాడు, పదిహేను సెకన్లలో! అవధానం చూసి చప్పట్లు కొట్టేవాళ్లం, దీనికి కొట్టొద్దా?

మనవాళ్లూ తక్కువేం కాదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినదాన్ని తెలుగు చేసే ‘రిట్’ అనే ప్రోగ్రాం రాశారు. ఆర్‌టీఎస్ అన్న లిప్యంతరీకరణ పద్ధతి పేరులోని ‘ఆర్’ అంటే రైస్, ఆ విశ్వవిద్యాలయమే. హైదరాబాదులో 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్‌ని తెలుగు చేసి, ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్ అనే లినక్స్ బృందాలను నిలబెట్టింది. పక్షపాతం అంటారా, అనుకోండి. నేను స్వేచ్ఛ పక్షమే, లినక్స్‌లలో డెబియన్ పక్షమే. కాన్ఫిగర్ బదులు సీమేక్ వాడేవాళ్లతో వాదన మరోసారి పెట్టుకుంటాను.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? కర్ల్‌తో మొదలై సూడో బాష్‌తో ముగిసే ఒక లైనును ఎక్కడినుంచో కాపీ కొట్టి టెర్మినల్లో అతికిస్తున్నారు. ముక్కూ మొహం తెలియని స్క్రిప్టుకు ఇంటి తాళాలన్నీ ఇచ్చి, ఇన్‌స్టాల్ చేశానని చెప్పుకుంటున్నారు. దొంగ విండోస్, క్రాక్ చేసిన ఫాంట్లు షాపు షాపుకీ ఉన్నాయి. అన్నింటికన్నా కడుపు మండేది బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుల వ్యాపారం. అమీర్‌పేటలో బస్సు దిగితే కోడు, రిపోర్టు, వైవా జవాబులు అన్నీ ఒకే ప్యాకేజీగా అమ్ముతారు. కొన్నవాడికి ఆ కోడు తన మిషన్లో కంపైల్ అవుతుందో లేదో కూడా తెలియదు. నాలుగేళ్లు ఫీజు కట్టిన తండ్రి పొలం అప్పుకు ఇదా ఫలితం?

సోర్సు అనగానే భద్రమని గుండెమీద చేయి వేసుకుని పడుకోవడమూ తప్పే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రోగ్రాం 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. అది గిట్‌లో కనిపించే సోర్సు మాత్రమే చదివితే దొరకదు. విడుదల చేసిన టార్ ఫైల్లోని బిల్డ్ స్క్రిప్టులో దాని మీట ఉంది, అసలు విషం టెస్టు ఫైళ్లలో ఉంది. మనం పూజించే కాన్ఫిగర్, మేక్‌ల దారిలోనే లోపలికి దూరింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తవ్వి పట్టుకున్నాడు. చదివేవాడు, కట్టేవాడు ఒకడున్నాడు కాబట్టి పట్టుకున్నాడు. లేకపోతే ఎవరు పట్టుకునేవారు? ఇలాంటి దొంగదారిని అవి పట్టకపోయినా, దారిలో ఫైలు మారలేదని తేల్చుకోవడానికి టార్ ఫైలు దించుకున్నాక ‘షా’ మొత్తం సరిచూడండి, సంతకం ఉంటే జీపీజీతో పరీక్షించండి. అది చాదస్తం కాదు.

సూర్యాపేటలో 2023లో ఐటీ హబ్ తెరిచారు, సంతోషం. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ ల్యాబులు చూసే పంతుళ్లకు నా మనవి ఇది. సెమిస్టర్‌కి ఒక్క ల్యాబు రోజు దీనికి కేటాయించండి. పిల్లలకు హోమ్ ఫోల్డర్లో ప్రిఫిక్స్ పెట్టించి టెసరాక్ట్ కట్టించండి. ఎర్రర్ వస్తే మీరు కీబోర్డు లాక్కోకండి, మొదటి ఎర్రర్ వాళ్లచేతే బిగ్గరగా చదివించండి. కట్టడం అయ్యాక ఊరి గ్రంథాలయంలోని పాత తెలుగు పుస్తకంలో ఒక పేజీ ఫోటో తీయించి దానికి తినిపించండి. ఎక్కడ తప్పు చదివిందో వాళ్లే గుర్తిస్తారు. వచ్చే ఏడు ప్రాజెక్టు కోసం అమీర్‌పేట బస్సు ఎక్కాల్సిన పని వాళ్లకు ఉండదు.