కూర్చుని చేసే యుద్ధం

అమెరికాలోని మినియాపొలిస్‌లో కార్మెల్ మాల్ అని ఒకటుంది. నడిపేదీ, తిరిగేదీ ఎక్కువగా సోమాలీలే. బట్టల కొట్లు, డబ్బు పంపే కౌంటర్లు దాటి టీ కొట్టు దగ్గరికి వెళ్తే మగవాళ్ల గుంపు కనిపిస్తుంది. బల్ల మీద ఏలకులు, దాల్చినచెక్క, లవంగాలు వేసి కాచిన చాయ్ ఉంటుంది. గొంతులు పైస్థాయిలో ఉంటాయి. ఒకరి మాట మీద ఒకరు పడుతుంటారు. కొత్తగా చూసేవాళ్లు ఇక చేతులు లేస్తాయనే అనుకుంటారు. అంతలో ఒకాయన ఒక్క మాట అంటాడు, బల్లంతా గొల్లుమంటుంది. ఓడినాయన కూడా పడీ పడీ నవ్వుతాడు.

సోమాలీలు దీన్ని 'ఫడి కు దిరిర్' అంటారు. కూర్చుని చేసే యుద్ధం అని అర్థం. ఈ యుద్ధంలో ఆయుధం 'కఫ్తన్', అంటే పరాచికం. 1991లో సియాద్ బారె ప్రభుత్వం కూలి, అంతర్యుద్ధం ముదిరి, జనం దేశం విడిచిపోయాక ఈ బల్ల కూడా వాళ్లతో పాటే వెళ్లింది. సోమాలియాలో పుట్టి బయటి దేశాల్లో బతుకుతున్నవాళ్లు 1990లో సుమారు 8.5 లక్షలు. 2015 నాటికి ఆ సంఖ్య దాదాపు 20 లక్షలకు చేరింది. నైరోబీలో ఈస్ట్‌లీ, టొరంటోలో డిక్సన్ రోడ్డు, స్టాక్‌హోమ్‌లో రింకెబి, లండన్, మినియాపొలిస్ ఇలా ఒక్కో కుటుంబం మూడు ఖండాల్లో పడింది. ఇప్పుడు ఆ బల్ల ఫోన్‌లో ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో, గొంతు సందేశాల్లో, రాత్రంతా సాగే ఆడియో చర్చల్లో అదే యుద్ధం నడుస్తోంది.

పైకి కాలక్షేపంలా కనిపించే ఈ పరాచికం వెనక కట్టుబాట్లున్న ఒక కళ ఉంది. చెదిరిపోయిన జనాన్ని ఒక్క జనంగా నిలబెడుతున్న పనిముట్లలో ఇది ముఖ్యమైనది.

అరటిపండు పంచాయితీ

ఇలాంటి గ్రూపుల్లో రోజూ జరిగే తంతు ఒకటి ఊహించుకోండి. టొరంటోలో ఉన్న కుర్రాడు తను వండుకున్న అన్నం, మాంసం ఫొటో పెడతాడు. సోమాలీలు అన్నంతో పాటు అరటిపండు కొరుక్కు తింటారు. ఇతని పళ్లెంలో అది లేదు. నిమిషం తిరక్కుండా నైరోబీ నుంచి బాణం వస్తుంది: "ఒరేయ్, ఈ అన్నానికి తోడేదిరా? ఒంటరిదాన్ని చేశావు కదరా పాపం!" స్టాక్‌హోమ్ నుంచి ఇంకొకడు అందుకుంటాడు: "వాడికి పౌరసత్వం వచ్చింది. పండుకింకా వీసా రాలేదు." కుర్రాడు ఊరుకోడు: "స్టాక్‌హోమ్ వాడివి నువ్వా నాకు చెప్పేది? మీ పండుకి వీసా వచ్చినా చలికి విమానం దిగనంటుంది." నలభై మంది నవ్వుతారు. చివర్లో లండన్‌లో ఉన్న మేనత్త గొంతు వినిపిస్తుంది: "ఏద్దో, నువ్వు నా దగ్గరికి రా. పండు నేను పెడతాను." దాంతో పంచాయితీ ముగుస్తుంది.

ఈ నాలుగు మాటల్లో కఫ్తన్ పనితనమంతా ఉంది. మొదటివాడు మనిషిని వదిలేసి పళ్లెం మీద పడ్డాడు. దెబ్బ తగిలింది గానీ గాయం కాలేదు. రెండోవాడు మొదటివాడు తెచ్చిన ఊహనే ఇంకో మెట్టు ఎక్కించాడు. అక్కడ కొత్త విషయం ఎత్తుకుంటే ఆట చెడేది. అతను వాడుకున్న వీసా మాట ఆ గ్రూపులో ప్రతి ఇంటికీ తెలిసిన కష్టం. ఏళ్ల తరబడి కాగితాల కోసం ఎదురుచూసినవాళ్లు దాన్ని అరటిపండుకి అంటగట్టి నవ్వుతున్నారు. కుర్రాడు అలగలేదు, విసిరిన రాయినే తిప్పి విసిరాడు. ఆఖరున పెద్దావిడ వచ్చి గెలుపోటములు తేల్చకుండా పండు పెడతానంది.

పిలుపులోనే చుట్టరికం

మేనత్త కుర్రాణ్ని 'ఏద్దో' అని పిలిచింది. ఆ మాటకి అర్థం మేనత్త అనే. సోమాలీ ఇళ్లలో పెద్దవాళ్లు తమ వరసతోనే పిల్లల్ని పిలుస్తారు. తల్లి బిడ్డని 'హోయో' అంటుంది, అంటే అమ్మ. బాబాయి అన్న కొడుకునీ, పెదనాన్న తమ్ముడి కొడుకునీ 'అదేర్' అంటారు. మేనమామ 'అబ్తి' అంటాడు. కొడుకుని నాన్నా అనీ, కూతుర్ని అమ్మా అనీ పిలుచుకునే తెలుగువాళ్లకి ఇందులోని ప్రేమ వెంటనే తెలుస్తుంది.

పరాచికంలో ఈ పిలుపు రెండు పనులు చేస్తుంది. ముఖం తెలియని మనిషిని కూడా 'వలాల్' అంటే తోడబుట్టినవాడైపోతాడు. ఇక వాడి మీద ఎంత ఎకసెక్కెం ఆడినా అది ఇంటి గొడవే. అదే సమయంలో, వాదనలో మితిమీరుతున్న కుర్రవాణ్ని పెద్దాయన 'అదేర్' అని పిలిచి మాట మొదలుపెడితే ఆ ఒక్క పిలుపుతో వాడి వయసెంతో వాడికి గుర్తొస్తుంది. మందలింపు, వాత్సల్యం రెండూ ఒకే మాటలో పడతాయి. పరాయి దేశంలో పుట్టి, ఇంట్లో తప్ప సోమాలీ వినని పిల్లలు ఏ వరసవాళ్లతో ఎంతవరకు మేలమాడవచ్చో ఎక్కువగా ఇక్కడే నేర్చుకుంటున్నారు.

పెట్టిన పేరే పేరు

ఇంకో పనిముట్టు 'నానైస్', మారుపేరు. సోమాలీలకి ఇంటిపేర్లు లేవు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా చెప్పుకుంటారు. ఒకే పేటలో మహమ్మద్‌లు, అబ్దీలు, అహ్మద్‌లు పదుల సంఖ్యలో ఉంటారు. మారుపేరు లేకపోతే పిలిస్తే ఎవరు పలకాలో తెలియదు. అందుకే పొడుగువాడు 'డేరె' అవుతాడు, పొట్టివాడు 'గాబ్' అవుతాడు.

ఈ విషయంలో గొప్పవాళ్లకీ మినహాయింపు లేదు. 2017 నుంచి 2022 దాకా అధ్యక్షుడిగా ఉన్న మహమ్మద్ అబ్దుల్లాహి మహమ్మద్‌ని ప్రపంచమంతా 'ఫర్మాజో' అనే పిలిచింది. ఇటలీ వాళ్లు చీజ్‌కి వాడే మాట నుంచి వచ్చిన పేరది. నియంతగా ఏలిన సియాద్ బారెకి జనం 'అఫ్‌వెయ్నె' అని పేరు పెట్టారు. పెద్ద నోటివాడని అర్థం. ప్రఖ్యాత కవి అబ్దుల్లాహి సుల్దాన్ 'తిమఅద్దె'గానే జనానికి తెలుసు, అంటే తెల్లజుట్టాయన.

మారుపేరు ఎవరికి వాళ్లు పెట్టుకునేది కాదు, నలుగురూ కలిసి పెట్టేది. నిన్ను దగ్గరగా చూసినవాళ్లున్నారనడానికి అదే రుజువు. ఒంట్లో ఉన్న లోపాన్ని పేరుగా పెట్టడం బయటివాళ్లకి మోటుగా తోచవచ్చు. కానీ ఒకసారి అది పేరైపోయాక అందులో ముల్లు ఉండదు. పదిమంది ప్రేమగా పిలిచే మాటతో ఇంకెవరూ వెక్కిరించలేరు.

బదులిచ్చేవాడికే గౌరవం

ఈ ఆటకి వేర్లు కవిత్వంలో ఉన్నాయి. 1854లో ఆ నేల మీద తిరిగిన బ్రిటిష్ యాత్రికుడు రిచర్డ్ బర్టన్, దేశమంతా కవులేనని రాశాడు. సోమాలీ భాషకి అధికారిక లిపి 1972లో గానీ రాలేదు. అంతకు ముందు తగవు తీర్చాలన్నా, పెళ్లి కుదర్చాలన్నా, పగ తీర్చుకోవాలన్నా పద్యం నోటితోనే నడవాలి, విన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. గుర్తుండాలంటే కట్టుబాటు ఉండాలి. ఆ కట్టుబాటు అక్షరానిది. మన పద్యంలో ప్రాస నాలుగు పాదాల్లో నిలిస్తే చాలు. సోమాలీ పద్యం వంద పాదాలున్నా మొదట పట్టుకున్న అక్షరం చివరిదాకా ప్రతి పాదంలోనూ మాట మొదట్లో వినిపించాలి. అచ్చులన్నీ మాత్రం ఒకే గూటి పక్షులు, ఒకదానికొకటి సరిపోతాయి.

ఒక కవి పద్యం విసిరితే ఇంకొకడు బదులిస్తాడు, మూడోవాడు కలగజేసుకుంటాడు. ఈ గొలుసుని 'సిల్సిలద్' అంటారు. 1979-80లో మహమ్మద్ హాషి ధమఅ, అంటే జనం పిలుచుకునే గారియె, తెగల పిచ్చిని తప్పుపడుతూ 'ద' అక్షరంతో పద్యం చెప్పాడు. ఒకరి తర్వాత ఒకరు పదుల సంఖ్యలో కవులు అదే అక్షరంతో బదులిచ్చారు. ఆ గొలుసుకే 'దేల్లెయ్' అని పేరు. నిరంకుశ పాలనలో ఆ పద్యాలు క్యాసెట్ల మీద చేతులు మారుతూ ఊరూరా తిరిగాయి.

ఇందులో గొప్ప నీతి ఉంది. ఎదుటివాణ్ని ఖండించాలంటే ముందు అతను ఎంచుకున్న అక్షరాన్ని ఒప్పుకోవాలి. అతను చెప్పింది పూర్తిగా వినాలి, గుర్తుపెట్టుకోవాలి. ఫోన్‌లో నడిచే పరాచికానికీ ఇదే సూత్రం. ఒకడు ఒంటెతో పోలిస్తే బదులు ఒంటెతోనే రావాలి. తప్పించుకుని తిట్టుకి దిగినవాడు ఓడినట్టే. నాటి క్యాసెట్ చేసిన పని నేడు గొంతు సందేశం చేస్తోంది. మాటలో విరుపు, నిట్టూర్పు, నవ్వు ఆపుకుంటున్న గొంతు టైపు చేస్తే రావు గదా.

ఆడవాళ్ల బల్ల వేరే ఉంది. 'బురాన్‌బుర్' వాళ్ల సొంత పద్యరీతి. పెళ్లిళ్లలో డప్పు, చప్పట్ల మధ్య పెళ్లికొడుకు వైపువాళ్లనీ పెళ్లికూతురి వైపువాళ్లనీ పొగుడుతూ, మధ్యమధ్యలో చురకలు వేస్తూ పాడతారు. 'హగ్బద్' అనీ 'అయూతో' అనీ పిలిచే వంతుల చిట్టీలు కట్టుకునే ఆడవాళ్ల గ్రూపుల్లో కూడా పరాచికాలకి కొదవ ఉండదు. ఏళ్లుగా కలిసి నవ్విన మనిషిని నమ్మి డబ్బు చేతిలో పెట్టడం తేలిక.

నవ్వు ఆగే గీత

ప్రతి పరాచికం మంచిదేనని చెప్పను. అన్నం మీద, చలి మీద, సేమ్యాల్లాంటి పాస్తాని చేత్తో తినడం మీద ఎంతైనా నవ్వుకోవచ్చు. ఉత్తరాది యాస మీద, దక్షిణాది యాస మీద కూడా నవ్వుకోవచ్చు. 'దఖన్ ఎలిస్' పేరు చెప్పి పిల్లల్ని ఆటపట్టిస్తారు. దారి తప్పుతున్న పిల్లల్ని పద్ధతులు నేర్చుకోమని స్వదేశానికి పంపేయడాన్ని అలా అంటారు. ఆ నవ్వు కింద నిజమైన భయం ఉంది. అలా వెళ్లిన పిల్లల్లో కొందరు నిర్బంధాన్నీ హింసనీ చవిచూశారు. ఇంట్లో గట్టిగా అడగలేని ప్రశ్నని పిల్లలు ఇక్కడ హాస్యంలో పెట్టి అడుగుతున్నారు.

తెగ పేరెత్తితే మాత్రం నవ్వు ఆగిపోతుంది. తెగల పగలే దేశాన్ని కూల్చాయి. ప్రతి కుటుంబంలోనూ చావులున్నాయి. గత శతాబ్దం తొలినాళ్ల 'గుబ' పద్యాల గొలుసు ఇలాంటి పగల్నే ఎగదోసింది. ఆనాటి కవుల పనితనాన్ని మెచ్చుకునేవాళ్లు కూడా ఆ మంటని మరిచిపోరు. అందుకే ప్రాణస్నేహితుల మధ్య తప్ప తెగ మీద పరాచికం ఆడకూడదనేది మర్యాద తెలిసినవాళ్ల మాట. ఈ గీత దాటినందుకు నిలువునా చీలిపోయిన గ్రూపులు చాలా ఉన్నాయి.

జిగ్జిగ ప్రాంతాన్ని ఏలిన వీల్ వాల్ గురించి సోమాలీ పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటుంది. మనుషుల్ని కలపగలిగేదీ, విడదీయగలిగేదీ అయిన భాగాన్ని గొర్రె నుంచి కోసి తెమ్మని ఆయన తన జనాన్ని ఆజ్ఞాపిస్తాడు. అందరూ మంచి మంచి మాంసం ముక్కలు తెస్తారు. ఒక పేదవాడు మాత్రం కూతురి సలహా విని గొర్రె గొంతుగొట్టం తెస్తాడు. ఆశపోతుతనమూ పంచుకునే గుణమూ తేలేది అక్కడేనని ఆ అమ్మాయి ఆలోచన. రాజు మెచ్చుకుంటాడు. తిండికి ఆమె చెప్పింది మాటకీ వర్తిస్తుంది.

నవ్విన చేతులే ఇస్తాయి

ఎవరింట్లోనైనా చావు జరిగితే, ఆపరేషన్‌కి డబ్బు కావలసివస్తే, ఊళ్లో కరువొస్తే అరటిపండు మీద కొట్టుకున్న ఆ గ్రూపే నిమిషాల్లో మారిపోతుంది. 'ఖారాన్' అంటే తలా కొంత వేసుకోవడం. ఇరవై డాలర్లు ఒకరు, యాభై ఒకరు. ప్రవాస సోమాలీలు ఏటా స్వదేశానికి పంపే సొమ్ము వంద కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా. రోజూ పలకరింపు లేని చోట ఇలాంటి చందా లేవదు. పళ్లన్నీ కలిస్తేనే ఏదైనా తెగుతుందని సోమాలీ సామెత. ఆ పళ్లని కలిపి ఉంచేది రోజువారీ నవ్వే.

పేదరికం, ఓడదొంగలు, బాంబులు: వార్తల్లో సోమాలియా అంటే ఈ మూడే. మాటని ఇంతగా ప్రేమించే జాతికి ఇది అన్యాయం. హైదరాబాద్‌లో టోలిచౌకి, పారామౌంట్ కాలనీ వైపు చదువుకోవడానికి వచ్చిన సోమాలీ విద్యార్థులు చాలా మంది ఉన్నారు. అద్దెకి ఇల్లు అడిగితే అనుమానంగా చూసేవాళ్లే వాళ్లకి ఎక్కువగా ఎదురవుతారు. వాళ్లు మీ పక్క ఇంట్లో ఉంటే, మీ తరగతిలో ఉంటే ఒక కప్పు చాయ్‌కి పిలవండి. వాళ్ల మారుపేరేమిటో అడగండి. వాళ్లు ఒక పరాచికమాడితే చిన్నబుచ్చుకోకండి, బదులు ఇవ్వండి. స్నేహం అక్కడే మొదలవుతుంది.