స్థిరత్వమా, నిలకడా? – ఓవర్‌క్లాకింగ్ పరిభాషపై ఒక విమర్శ

ప్రాసెసర్‌ను నిర్ణీత వేగానికి మించి నడిపించే ఓవర్‌క్లాకింగ్‌ను గురించి రాసేటప్పుడు ‘స్టెబిలిటీ’కి వెంటనే తోచే తెలుగు మాట ‘స్థిరత్వం’. అది వస్తువుకు గల శాశ్వత గుణాన్ని సూచిస్తుంది. కోర్ల విషయంలో అటువంటి గుణమేదీ లేదు. ఒకే చిప్‌లోని కోర్లన్నీ ఒక్క తీరున ఉండవు. 2020లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5000 శ్రేణికి తోడైన కర్వ్ ఆప్టిమైజర్, ఒక్కొక్క కోర్‌కు వోల్టేజీని విడివిడిగా సవరించుకొనే వీలు కల్పించి, ఆ భేదాన్ని వాడుకరి ముందుంచింది. అన్ని కోర్లపై ఒకేసారి భారం మోపే పరీక్షలో రాత్రంతా నెగ్గిన యంత్రం, తెల్లవారి తేలికపాటి పనిలో ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అందరిపై భారం పడినప్పుడు వేగం తగ్గుతుంది. ఒక్క కోర్ మాత్రమే పనిచేస్తున్నప్పుడు అది గరిష్ఠ వేగానికి ఎగబాకుతుంది. లోపం పొంచి ఉండేది అక్కడే. కోర్‌సైక్లర్ వంటి సాధనాలు కోర్లను వంతులవారీగా పరీక్షించడం ఇందువల్లనే. (మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకై పుట్టిన ప్రైమ్95 ఈ పరీక్షలకు ఉపకరించడం ఒక ముచ్చట.) యంత్రం ఆగిపోతే కనీసం తెలుస్తుంది, చప్పుడు చేయకుండా లెక్క తప్పితే తెలియదు. పరీక్ష చెప్పగలిగినది ‘ఇంతసేపు తప్పు దొరకలేదు’ అని మాత్రమే. కనుక ‘నిలకడ’ అన్న మాటే మేలని నా అభిప్రాయం. ఎన్ని గంటల నిలకడ అని అడగగలం. ఎన్ని గంటల స్థిరత్వం అని అడగలేం.