చేపకు మెరుపు తెచ్చే తెరియాకి

జపనీస్‌లో ‘తెరి’ అంటే నిగనిగ, ‘యాకి’ అంటే కాల్చడం. సోయా సాస్, మిరిన్, సాకే (బియ్యపు మద్యం) కలిపి కాచిన ఉప్పుతీపి పాకాన్ని కాలుతున్న ముక్కకు పొరలుగా పూసే వంట ఇది. అమెరికా హోటళ్ల పుణ్యమా అని ఈ పేరు వినగానే చాలామందికి కోడిమాంసం గుర్తొస్తుంది. జపాన్ ఇళ్లలో మాత్రం చేపదే పెద్దపీట. అందులోనూ చలికాలంలో కొవ్వు పట్టిన బురి. పెరిగేకొద్దీ పేరు మారే చేప ఇది. టోక్యో ప్రాంతంలో వకాషి, ఇనాదా, వరాసా అనిపించుకున్నాకే బురి అవుతుంది.

పాకంలో సోయా సాస్, మిరిన్, సాకే సమపాళ్లలో పడతాయి, పైన కొద్దిగా చక్కెర. మిరిన్ జిగురుబియ్యంతో చేసే తియ్యటి మద్యం. బియ్యంలోని పిండిని కోజి అనే బూజు చక్కెరలుగా మారుస్తుంది. మెరుపులో ఎక్కువ వాటా ఆ చక్కెరలదే. మిశ్రమం సగానికి మరిగి, గరిటె వెనక పలచగా అంటుకోగానే దించాలి. తీగపాకం దాకా రానిస్తే చల్లారాక జిగురై ముక్క మీద పరుచుకోదు.

ముక్కలకు ఉప్పు రాసి పావుగంట ఉంచితే నీరు ఊరుతుంది. నీచు వాసన చాలావరకు ఆ నీటితోనే పోతుంది. తర్వాత బట్టతో ఒత్తి పూర్తిగా తుడవాలి. చెమ్మ మిగిలితే ముక్క కాలదు, ఉడుకుతుంది, పాకమూ జారిపోతుంది.

అసలు కిటుకు పాకం ఎప్పుడు పూయాలన్నదే. చేపకు ముందే మసాలా పట్టించే అలవాటున్న వంటింట్లో, ముక్కల్ని పాకంలో నానబెట్టి అలాగే ఓవెన్‌లో పెట్టాలనిపించడం సహజం. కానీ లోపల ఉడికేలోగా పైన చక్కెర మాడి చేదెక్కుతుంది. అందుకే ముందు చేప, తర్వాతే పాకం. 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో, రెండు సెంటీమీటర్ల మందం ముక్కను నూనె రాసి ఎనిమిది నిమిషాలు ఉత్తగానే కాల్చాలి. ఆపైన పలచగా పూసి రెండు నిమిషాలు, మళ్లీ పూసి ఇంకో రెండు నిమిషాలు. ఒక పొర ఆరి అంటుకున్నాక దాని మీద రెండోది నిలుస్తుంది. ఒకేసారి దట్టంగా పోస్తే పళ్లెంలో మడుగు కడుతుంది. చివర్లో పైమంట పెడితే ఓవెన్ దగ్గరే ఉండాలి. బంగారు రంగు నుంచి బొగ్గుకు క్షణాల దూరం. ఫోర్కుతో కదిపినప్పుడు మాంసం పొరలుగా విడితే ఉడికినట్టే.

నిజానికి ఓవెన్ ఈ వంటకు పుట్టిల్లు కాదు. పాత పద్ధతి ఇనుప చువ్వలకు గుచ్చి నిప్పుల మీద కాల్చడం. ఇప్పటి జపాన్ ఇళ్లలో గ్యాస్ పొయ్యి కిందుండే చిన్న చేపల గ్రిల్లు గానీ పెనం గానీ చాలు. హవాయికి వలస వెళ్లిన జపనీయులు పాకంలో అనాస రసం, ముడి చక్కెర కలిపి మరో రుచికి దారితీశారు.

పాకం ముందే కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, పని నుంచి అలసి వచ్చిన సాయంత్రం ఉప్పు రాయడంతో మొదలుపెట్టి అన్నం ఉడికేలోగా చేప సిద్ధం. కొవ్వున్న సాల్మన్ బురికి దగ్గరి బదులు. మన వంజరం కూడా పనికొస్తుంది. కాకపోతే తొందరగా ఎండిపోతుంది కాబట్టి మొదటి విడతలో ఒకటి రెండు నిమిషాలు తగ్గించాలి.