గుంటే బ్యాటరీ

రాత్రి మూడింటికి కరెంటు పోయింది. మైపాడు దగ్గర రొయ్యల గుంటల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఒక్కసారే ఆగాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది, తాత్సారం చేస్తే పంట పోయినట్టే. అయినా జనరేటర్ చూసే పెద్దాయన కంగారు పడలేదు. ఇంజన్ లేపి, దాని రొద కుదురుకున్నాక మొదటి స్విచ్ వేశాడు. ఇంజన్ మూలిగింది, గొట్టం ఒక గుక్క నల్లపొగ కక్కింది, సర్దుకుంది. అప్పుడు రెండోది. ఎనిమిది ఏరియేటర్లకూ అదే వరస.

"అన్నీ ఒక్కసారి లేపితే కూలబడుద్దబ్బయా" అన్నాడు, చెవి ఇంజన్ మీదే పెట్టి.

రెండు హార్స్ పవర్ మోటారు నడిచేటప్పుడు మూడున్నర ఆంపియర్లు తాగుతుంది, లేచేటప్పుడు దానికి అయిదారు రెట్లు. ఎనిమిదీ కలిసి లేస్తే 62.5 కేవీఏ జనరేటర్‌కైనా కష్టమే. ఒక్కొక్కటిగా లేపితే 25 కేవీఏ సరిపోతుంది, పైగా నిండు బరువుకు దగ్గరగా నడుస్తుంది. డీజిల్ ఇంజన్ పొదుపుగా కాలేది అక్కడే. పెద్ద ఇంజన్‌కు చిన్న పని అప్పగిస్తే తాగిన డీజిల్లో చాలావరకు తనను తాను తిప్పుకోవడానికే పోతుంది, లోపల మసి పేరుకుంటుంది.

సిరీస్ హైబ్రిడ్ కారులోనూ కథ ఇదే. 1900లో ఫెర్డినాండ్ పోర్షే చేసిన సెంపర్ వివస్‌లో ఇంజన్లు కరెంటు పుట్టించడానికే, బండిని లాగేవి చక్రాల్లోని మోటార్లు. రోడ్డు ఎగుడుదిగుళ్లను బ్యాటరీ భరిస్తుంది కాబట్టి ఇంజన్ తనకు నచ్చిన వేగంలో తిరగొచ్చు. మరి ఇక్కడ బ్యాటరీ ఏది? నాకైతే గుంటే అనిపించింది. పగలు నీటిలోని పచ్చనాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి గుంటలోని జీవాలన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. మధ్యాహ్నం ఆక్సిజన్ నీరు పట్టేదానికి మించి ఉన్నప్పుడు ఏరియేటర్ల తెడ్ల చక్రాలు తిప్పితే ఉన్నదే గాలిలో కలుస్తుంది. ఆ వేళ పెద్దాయన సగం చక్రాలు ఆపేస్తాడు. ఆ లెక్క పుస్తకంలో చూసి నేర్చుకున్నది కాదు.

ఇక నేను ముచ్చటపడింది వైరులో కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పని. స్టార్టర్ పెట్టె తెరిచి ఒక్కో వైరుకు దాన్ని తగిలించి చూశాడు. అయిదోది నాలుగుకు పైన చూపించింది. మోటార్ని అనుమానించకుండా నడుముల్లోతు నీళ్లలోకి దిగాడు. తేలే పీపా ఒకటి నీరు పట్టి ఒరిగింది, తెడ్లు జానెడు లోతుకు మునుగుతున్నాయి. బెత్తెడు మునిగితే చాలు, అంతకు మించితే మోటారు మీద బరువు పెరుగుతుంది. పీపా వంచి నీళ్లు పారబోసి, తాడు బిగించాడు. మళ్లీ చూస్తే మూడున్నర. ఆ అర ఆంపియరు కోసం ఎవరు దిగుతారు, చెప్పండి?

అయిదున్నరకు కరెంటు వచ్చింది. ఏరియేటర్లను ఒక్కొక్కటిగా కరెంటు మీదికి మార్చి, ఖాళీ ఇంజన్‌ను మూడు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపాడు. తర్వాత ఆయిల్ పుల్ల తీసి, లుంగీ అంచుకు తుడిచి, మళ్లీ ముంచి చూశాడు.