చెప్పడానికేం లేదన్న పిల్లాడు

‘రైలుబడి’ ప్రస్తావన వస్తే చాలు, మనవాళ్ళంతా ఆ బోగీల గురించే మాట్లాడతారు. పాత రైలుపెట్టెల్లో క్లాసులు, ఇష్టమైన పాఠంతో రోజు మొదలుపెట్టుకునే వీలు, హెడ్మాస్టరు కొబయాషి మొదటిరోజే టోటోచాన్ కబుర్లు నాలుగు గంటలపాటు కూచుని వినడం. నాకు మాత్రం ఆ పుస్తకంలో పదే పదే చదవాలనిపించేది భోజనాల వేళ జరిగే ఒక చిన్న వ్యవహారం.

రోజుకొక పిల్ల గానీ పిల్లాడు గానీ అందరి మధ్యా నిలబడి ఏదో ఒకటి చెప్పాలి. ఏదైనా సరే. ఒకరోజు ఒక పిల్లాడి వంతొచ్చింది. వాడు చెప్పడానికేం లేదన్నాడు. కొబయాషి వాణ్ణి కూచోబెట్టలేదు, వేరేవాళ్ళని లేపలేదు. పొద్దున్నే ఏం చేశావో గుర్తు తెచ్చుకోమన్నాడు. లేచానన్నాడు వాడు. ఆ తర్వాత? అమ్మ ఏదో చెయ్యమంది, చేశాడు. ఆ తర్వాత? బడికొచ్చాడు. అంతే. అందరూ చప్పట్లు కొట్టారు, వాడూ కొట్టుకున్నాడు.

ఇందులో కథ లేదు, నీతి లేదు, వాక్యాలు కూడా సరిగ్గా లేవు. అయినా వినడం, మాట్లాడడం నేర్పడమంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన పేజీ ఇంకోటి నేను చదవలేదు. పిల్లాడికి మాట దొరికేదాకా ఒక పెద్దాయన తొందరపడకుండా ఉన్నాడు. మిగతా పిల్లలకి వాడు ఇంకేం చెప్తాడా అన్న ఆత్రం పుట్టింది. వాళ్ళు వినడం నేర్చుకున్నది అక్కడే.

మన తెలుగు వాచకాల్లోనూ ‘వినడం, ఆలోచించి మాట్లాడడం’ అని శీర్షిక పెట్టి ప్రశ్నలిస్తారు. పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. క్లాసులో జరిగేది వేరు. ప్రశ్న టీచరు చదువుతారు, ముందు బెంచీ అమ్మాయి జవాబు చెప్తుంది, మిగతావాళ్ళు దాన్ని కోరస్‌గా అంటారు. టీచరు బయటికెళ్తే మాట్లాడినవాళ్ళ పేర్లు లీడరు బోర్డు మీద రాస్తాడు. (ఆ లిస్టులో నా పేరు ఎప్పుడూ పైనే ఉండేది లెండి.) మాట్లాడ్డానికి ఒక పక్క మార్కులు, ఇంకో పక్క శిక్ష. ఆరేళ్ళ పిల్లకి ఈ లెక్క ఎలా అర్థమవ్వాలి?

ఇక భాష సంగతి. ‘పొద్దుగాల లేసిన, తానం జేసిన, బువ్వ తిన్న’ అని ఒక పిల్లాడు నిలబడి చెప్పాడనుకోండి. మనం వినేది వాడి పొద్దున్ని కాదు, ‘తానం’ అన్న మాటని. ‘స్నానం అనాలి, పూర్తి వాక్యంలో చెప్పు’ అంటాం. వాడు మళ్ళీ నోరు తెరవడు. కృష్ణకుమార్ 1986లో టీచర్ల కోసం రాసిన ‘పిల్లల భాష, టీచరు’ పుస్తకంలో మాటకి అంత పెద్ద చోటివ్వడం ఊరికే కాదు. కబుర్లని అల్లరి కింద జమకట్టే బడికి, చదువుకి అవే సామాను అని చెప్పాల్సొచ్చింది.

‘రైలుబడి’తో నాకొక పేచీ ఉంది. చెప్తున్నది పుట్టు వాగుడుకాయ. కురొయనగి తర్వాత టీవీ తార అయ్యారు, 1976 నుంచి అతిథులతో మాట్లాడే షో నడుపుతున్నారు. ఆవిడకి బడి తేలిగ్గా తెరుచుకుంది, ఆవిణ్ణి వినేవాళ్ళు దొరికారు. ఆ పిల్లాడికి పుస్తకంలో దక్కింది మాత్రం ఒకటి రెండు పేజీలే. మర్నాడు వాడు తనంతట తాను నోరు విప్పాడా? ఆ చప్పట్లు వాడికి ధైర్యమిచ్చాయా, సిగ్గు పెంచాయా? వాడు రాసుంటే ఇదే పుస్తకం అయ్యేదా అని నా అనుమానం.

తొమోయె బడిలో ఉన్నది ఏభైమంది పిల్లలు. 1945 బాంబు దాడుల్లో అది కాలిపోయింది. ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకునే మన బడికి దాన్ని పోలిక తేవడం అన్యాయమే. కానీ భోజనాల వేళ మనకీ ఉంది. వరండాలో పిల్లలు పళ్ళాలు పెట్టుకుని వరుసగా కూచుంటారు. అప్పుడైనా ఒక పిల్లని లేపి ‘పొద్దున ఏం చేశావే’ అని అడగొచ్చు. ఆ టైములో టీచరు ఎంతమంది తిన్నారో లెక్క రాసుకుంటూ ఉంటారు.